రేవు గంట

జనవరి 10, 2025, శుక్రవారం

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులు కూడా ఉంటాయి. చదివేవారు మన్నించాలి.

ఇది ఎవరూ చదివేది కాదు. అయినా ఆ మాట రాయనిదే పెన్ను ముందుకు కదలలేదు. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత రాసినవన్నీ మా ఆవిడ హనుమక్కకు ఉత్తరాలే. ప్రతి ఉత్తరమూ ఇట్లాగే మొదలయ్యేది. ఆమెకు చదువు రాదు. పక్కింటి తహెరున్నీసా చదివి వినిపించేది. ఇంటింటికీ ఫోన్లు వచ్చాక కూడా నేను ఉత్తరమే రాసేవాణ్ణి. ఫోన్లో నాకు మాట రాదు.

హనుమక్క పోయి రెండేళ్ళు దాటింది. పిల్లలు లేరు. రాసే అలవాటు మాత్రం చేతికి మిగిలింది. అందుకే ఈ డైరీ కొన్నాను.

ఈ రోజు మా యజమానురాలు పైవి మేడమ్ వాళ్ళ నాయన ఫిన్లాండ్ నుంచి వచ్చాడు. ఎయిర్‌పోర్టుకు పోయి తీసుకొచ్చాను. ఎనభై ఐదేళ్ళు ఉంటాయి. పొడుగు మనిషి. పేరు ఉర్హో. పెద్దావిడ పోయిన ఏడు పోయిందట. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఈ అరబ్బు దేశానికి వీసా ఇచ్చి తెచ్చిన నా మొదటి యజమాని, కఫీల్ అంటారు, నన్ను పనిలో పెట్టుకున్న రోజే చెప్పాడు, బండిలో డ్రైవరు మాట్లాడకూడదని. ముప్పై ఏళ్ళుగా అదే పాటిస్తున్నాను. కష్టమేమీ కాలేదు.

జనవరి 14

మేడమ్‌ది సముద్రం నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసు. పొద్దున వదిలిపెట్టి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని మా విల్లాకు తిరిగొస్తే నాకు సాయంత్రం దాకా డ్యూటీ ఉండదు. గేటు పక్కన నా గదిలో పడుకుంటాను.

ఈ రోజు మధ్యాహ్నం ఇంట్లో పని చేసే శివకుమారి వచ్చి తలుపు కొట్టింది. కోనసీమ పిల్ల.

"బాబాయ్‌గారూ, ఒకసారి లోపలికి రండి. పెద్దాయన టీవీ ముందు కూర్చుని, పక్కన కుర్చీ వేసుకుని, ఎవరో రావాలన్నట్టు చూస్తున్నారండీ. నేను కూర్చుంటే నాకు వంటెలా అవుతుంది?"

"నేనా? లోపలికా?"

"మరి నేను జలంధర్‌ని పిలవనా? అతను కూర్చుంటే పెద్దాయన మాట అటుంచండి, టీవీకి కూడా మాట్లాడే సందు దొరకదు."

జలంధర్ మా గేటు వాచ్‌మన్. జగిత్యాల వైపు మనిషి.

పోయాను. కుర్చీలో కూర్చోలేదు, కార్పెట్ మీద కూర్చున్నాను. నలుపు తెలుపు సినిమా. వాళ్ళ దేశానిదే, చాలా పాతది. గుర్రం బండి, మంచు, అడవి. ఒక ముసలామె అందరినీ తిడుతూ ఉంది. ఒక్క మాటా తెలియలేదు.

జనవరి 15

మళ్ళీ పిలిచాడు. ఒక్క మాటా తెలియలేదు. అయినా చూశాను.

జనవరి 22

ఈ రోజు ఒక సంగతి జరిగింది.

సినిమాలో పల్లెటూరి ఇల్లు. నాలుగు రొట్టెలు కర్రకు గుచ్చి పైకప్పుకు వేలాడదీసి ఉన్నాయి. ఇంటి పెద్దావిడ కాఫీని కప్పులోంచి సాసర్లోకి వంచింది. చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుంది. సాసరు రెండు చేతులతో ఎత్తి ఉఫ్‌మని ఊది తాగింది.

అప్పుడే శివకుమారి నాకు టీ తెచ్చింది. నేను ఎప్పుడూ సాసర్లోనే తాగుతాను. ఆలోచించకుండానే వంచి, ఉఫ్‌మని ఊదాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. సినిమా వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఈ ఇంటికి వచ్చాక నవ్వడం అదే మొదలు. వంటింట్లోంచి శివకుమారి పరుగెత్తుకొచ్చింది, దగ్గు పట్టిందేమోనని.

ఆయన తన కాఫీని కూడా సాసర్లో పోసుకున్నాడు. ఇద్దరం ఊదుకుంటూ తాగాము.

రేపటి నుంచి కుర్చీలో కూర్చోవాలట. చెయ్యి పట్టి చూపించాడు.

ఫిబ్రవరి 3

ఒకటి కనిపెట్టాను. పెద్దాయన ఏ సినిమా కూడా చివరిదాకా చూడడు.

కథ బాగా ముడిపడిన చోట గడియారం చూసుకుంటాడు. లేస్తాడు. టోపీ పెట్టుకుంటాడు. తలుపు తీసుకుని బయటికి పోతాడు. మొదట్లో నేను భయపడి వెనకాలే పోయాను. నేరుగా వచ్చి నా బండి వెనక సీట్లో కుడి పక్కన కూర్చున్నాడు. ఎక్కడికని చెప్పలేదు. పెద్దమనిషి వచ్చి బండిలో కూర్చున్నాక డ్రైవరు చేసేది ఏముంటుంది? బండి తీశాను. సముద్రం ఒడ్డు దాకా తిప్పి తెచ్చాను.

అప్పటి నుంచి రోజూ అంతే.

ఫిబ్రవరి 11

బండిలో పెద్దాయన మాట్లాడతాడు. నాతో కాదు. ఎడమ పక్క ఖాళీ సీటుతో. "ఐలి" అంటాడు. అది పెద్దావిడ పేరు. తర్వాత ఏదో అడుగుతాడు. కాసేపు ఆగుతాడు. తర్వాత తనే చెబుతాడు. నన్ను "కుస్కి" అంటాడు. వాళ్ళ భాషలో డ్రైవరట.

అద్దంలో చూడకూడదు. కానీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 20

గేటు దగ్గర జలంధర్ పట్టుకున్నాడు.

"ఏందే కాకా, దినాం గా ముసలాయనను ఏడికి తీస్కపోతున్నవ్?"

"గాలికి."

"గాలికా! సిన్మా సూసుడు, షికారు కొట్టుడు. ఇగ రేపు నువ్వే కఫీల్ అయితవ్, నాకు జీతం నువ్వే ఇయ్యాలె."

బండి తుడుచుకుంటూ ఉండిపోయాను. లోపల మాత్రం బాగుంది.

మార్చి 5

రంజాన్. మధ్యాహ్నాలు రోడ్లు ఖాళీ.

కొత్త సినిమా పెట్టాడు. అంటే పాతదే, నాకు కొత్తది. ఒక పెద్ద చెరువు. చెరువు కూడా కాదు, అవతలి ఒడ్డు గీతలా కనిపించేంత వెడల్పు నీళ్ళు. ఒక పడవ మనిషి. మాట తక్కువ. రేవులో ఒక గుంజకు గంట కట్టి ఉంటుంది. ఎవరైనా గంట కొడితే అవతలి ఒడ్డు నుంచి పడవ తోసుకుని వస్తాడు. ఒక పనిపిల్ల పాలక్యాన్లతో దాటుతూ ఉంటుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ఒకసారి మాత్రం ఆ పిల్ల చేతి గుడ్డ తడిస్తే అతను తెడ్డు మీద ఆరబెట్టాడు.

తర్వాత అక్కడ వంతెన కడతారు. పడవతో పని ఉండదు. ఆ పిల్లను అంగడి యజమానికి ఇచ్చి చేయాలని చూస్తారు. వాన పడుతూ ఉంటే ఆ పిల్ల రేకుపెట్టె మోసుకుని రేవుకు వచ్చింది. ఎదురుగా వంతెన ఉంది. వంతెన ఎక్కలేదు. గంట కొట్టింది. అవతల గుడిసెలో పడవ మనిషి తలెత్తాడు.

పెద్దాయన లేచి టోపీ పెట్టుకున్నాడు.

మార్చి 6

అదే సినిమా. అక్కడే లేచాడు.

మార్చి 9

అదే. ఈ రోజు బండిలో నోరు తెరిచాను. అది రాయాలి.

పెద్దాయన "ఐలి" అన్నాడు. ఏదో అడిగాడు. ఆగాడు. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ ఆగాడు. ఈసారి తను చెప్పలేదు. చాలా దూరం పోయాము. అద్దంలో చూస్తే ఆయన ఆ ఖాళీ సీటు వైపే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఆ మాట ఎవరో ఒకరు చెప్పకపోతే ఆ మనిషి ఏమైపోతాడోననిపించింది.

"వస్తాడు సార్" అన్నాను. తెలుగులోనే. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ పడవ మనిషి వస్తాడు. గంట ఇన్నాక ఎట్ల కూసుంటాడు? పడవ తోసుకోని ఇవతలికి వస్తాడు. ఆ పిల్ల ఎక్కుతాది. ఈయప్ప ఏమీ అడగడు. యాడికని గూడా అడగడు. నడి నీళ్ళలోకి పోయినాక ఆమే చెప్తాది."

చేతులు స్టీరింగ్ వదిలి చూపించలేను కాబట్టి తలతోనే చూపించాను.

పెద్దాయన ముందుకు వంగి విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఎయి" అన్నాడు. కాదు అని. ఆ మాట సినిమాల్లో వినీ వినీ నాకు తెలుసు. "ఎయి, ఎయి, కుస్కి!" అని పెద్దగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చేత్తో నీళ్ళు చూపించాడు, తాడు చూపించాడు, ఇంకేదో చూపించాడు. నాకు అర్థం కాలేదు.

"అట్ల కాదు సార్, గంట ఇన్నాడు గదా!" అన్నాను.

"ఎయి!"

సముద్రం ఒడ్డున రెండు చుట్లు ఎక్కువ తిప్పాను. ముప్పై ఏళ్ళలో బండిలో అంత మాట్లాడింది లేదు. ఇంట్లో కూడా లేదేమో. హనుమక్క ఉంటే నమ్మేది కాదు.

ఏప్రిల్ 2

ప్రతి సినిమాకూ నాది ఒక ముగింపు, ఆయనది ఒక ముగింపు. నాది ఆయనకు తెలియదు, ఆయనది నాకు తెలియదు. ఇద్దరమూ ఒప్పుకోము. వారానికి ఒకసారి పడవ సినిమా తప్పదు.

మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దున్నే గడియారం చూసుకుంటున్నాను. ఇది మంచి అలవాటు కాదు.

ఏప్రిల్ 24

మేడమ్‌ను ఆఫీసు పని మీద అల్ రువైస్ ఊరికి తీసుకుపోయాను. దూరం. దారిలో ఆమె ఫోన్లో వాళ్ళ అత్తతో, అంటే పెద్దాయన చెల్లెలితో, చాలాసేపు మాట్లాడింది. పెట్టేశాక నాతో ఇంగ్లీషులో చెప్పింది. నాకు తెలిసినంత రాస్తున్నాను.

నాయనకు మరుపు ఎక్కువవుతోందట. తలుపు తీసుకుని బయటికి పోతున్నాడట. డాక్టరు జాగ్రత్త అన్నాడట. వాళ్ళ దేశంలో ఒక హోమ్ చూసిందట.

తర్వాత ఊరికే నవ్వింది. "అమ్మా నాన్నా పెళ్ళికి ముందు శనివారం శనివారం సినిమాకు పోయేవారు తిరుపాలూ. హాలు పక్క ఊళ్ళో. ఆఖరి బస్సు సినిమా అయ్యేలోపే పోయేది. ఒక్క సినిమాకు కూడా ముగింపు చూడలేదు వాళ్ళు. బస్సులో కూర్చుని ఎవరి ముగింపు వాళ్ళు చెప్పుకుని పోట్లాడుకునేవారట."

నవ్వి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమె మనసు హోమ్ మీద ఉంది.

నేను మాత్రం అద్దంలో వెనక ఎడమ సీటు చూశాను.

ఏప్రిల్ 25

చెప్పాలి.

ఏప్రిల్ 30

చెప్పాలి. ఈ రోజు మేడమ్ అలసిపోయి ఉంది. ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో కూడా కూర్చుకోవాలి.

మే 8

మేడమ్ ఎక్కింది, దిగింది. గొంతు దాకా వచ్చింది. బండిలో మాట్లాడకూడదు గదా.

మే 20

అయిపోయింది.

ఈ రోజు కూడా అల్ రువైస్ డ్యూటీ. నేను లేను. పెద్దాయన అడిగితే శివకుమారి సినిమా పెట్టింది. ఆమె ఇస్త్రీ చేస్తూ ఉంటే ఆయన ఎప్పటిలాగే టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. బండి లేదు. గేటు దాటి పోయాడు. మంట లాంటి ఎండ.

మేము తిరిగొచ్చేసరికి శివకుమారి గుమ్మంలో ఏడుస్తూ ఉంది. "నా కళ్ళముందే ఉన్నారండీ మేడమ్. బట్ట మడత పెట్టి చూసేసరికి లేరండీ!"

జలంధర్ అప్పటికే వెతికి పట్టుకుని ఆస్పత్రికి చేర్చాడు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు, ఈ రోజు నవ్వలేదు.

"నేనే గేటు తీసిన కాకా. సలాం గూడ కొట్టిన. నీ బండి కాడికే అనుకున్న. జర సేపటికి యాదికొచ్చింది, నీ బండి లేదని. ఉరికిన. గా పెద్ద రోడ్డు మీద బస్టాపుల కూసున్నడు. మొకం ఎర్రగ అయింది. పక్క సీటు మీద రుమాలు పరిసి పెట్టిండు. ఎవలో కూసుంటమని వస్తే చెయ్యి అడ్డం పెడుతుండు. ఎవరికోసమే కాకా గా సీటు?"

మేడమ్‌ను ఎక్కించుకుని ఆస్పత్రికి పోయాను.

మే 21

నీళ్ళు ఎక్కించారు. ప్రాణానికి ఏమీ లేదన్నారు.

మే 23

పెద్దాయన ఇంటికి వచ్చాడు. టీవీ పెట్టలేదు. పెట్టవద్దని శివకుమారికి చెప్పారు. ముందు తలుపుకు పైన ఇంకో గడియ బిగించారు.

సాయంత్రం మేడమ్ వంటింట్లో నిలబడి ఫోన్లో ఫోటో చూపించింది. తెల్లటి కట్టడం. పూలమొక్కలు. చుట్టూ గోడ. "ఈ తలుపు నంబరు నొక్కితేనే తెరుచుకుంటుంది. లోపలివాళ్ళకు నంబరు చెప్పరు. ఇక తప్పిపోవడు తిరుపాలూ" అంది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఎన్ని రోజులుగా నిద్ర లేదో.

ఆ తలుపు చూశాను. ఆయన టోపీ పెట్టుకుని ఆ తలుపు దాకా పోవడం, అది తెరుచుకోకపోవడం, బస్సు పోవడం. అన్నీ కనిపించాయి. రోజూ పోతుంది ఆ బస్సు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాయాలి. చెప్పినా చెప్పకపోయినా ఆయన ఇక ఇక్కడ ఉండడు. నా మధ్యాహ్నాలు ఎట్లాగూ పోయినట్టే. అయితే ఇక ఎందుకు దడ?

"సార్ నో లాస్ట్, మేడమ్" అన్నాను. "సార్ గోయింగ్ బస్."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. సార్ తప్పిపోలేదని, సినిమా ముగియకముందే లేస్తాడని. వార్తలు చూసేటప్పుడు లేవడని. నా బండే బస్సని. కుడి పక్కన కూర్చుంటాడని, ఎడమ పక్క పెద్దావిడకని. రుమాలు ఎవరి కోసమో చెప్పాను. ఇద్దరం ముగింపుల మీద పోట్లాడుకుంటామని కూడా చెప్పాను. ఇంగ్లీషు సరిపోని చోట చేతులతో చెప్పాను.

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "గాలికి తిప్పుతున్నావని అనుకున్నాను" అంది. కాసేపటికి, "బస్సు కథ నేనే గదా నీకు చెప్పింది" అంది. తర్వాత చేతుల్లో ముఖం పెట్టుకుంది.

నేను సాసరు, కప్పు కడిగి పెట్టి వచ్చేశాను.

మే 25

హోమ్ వద్దనుకుంది. అత్త ఇంటికి పంపుతుందట. పెద్దాయన పుట్టిన ఊరే. ఇంటికి ఎదురుగానే బస్సు ఆగుతుందట. ఊరంతా ఆయనను ఎరుగుదురట. బస్టాపులో కూర్చుంటే ఎవరో ఒకరు పలకరిస్తారు. వేసవి అక్కడ చల్లగా ఉంటుంది.

మంచిది. నాకు సంతోషమే.

జూన్ 1

సంతోషమే.

జూన్ 12

ఎయిర్‌పోర్టుకు వదిలి వచ్చాను.

పెద్దాయన కుడి పక్కనే కూర్చున్నాడు. మేడమ్ ఎడమ పక్క కూర్చోబోయి ఆగింది. ఒక్క క్షణం ఆ సీటు చూసింది. వచ్చి ముందు నా పక్కన కూర్చుంది.

లోపలికి పోయే దగ్గర ఆయన బ్యాగు కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. చెయ్యి పైకెత్తి లేని తాడును రెండుసార్లు లాగాడు. గంట.

"వస్తాడు సార్" అన్నాను.

"ఎయి" అన్నాడు. నవ్వుతూనే. టోపీ సర్దుకుని లోపలికి పోయాడు. మేడమ్ నా చెయ్యి పట్టుకుని గబగబా పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు సముద్రం ఒడ్డున ఒక చుట్టు తిప్పాను. డ్యూటీ ఏమీ లేదు.

జూన్ 20

మేడమ్ వచ్చేదాకా ఇల్లు ఖాళీ. శివకుమారి సెలవు మీద పోయింది. పోయే ముందు నాకు ఆ సాసరు ఇచ్చింది. "మీ గదిలో ఉంచుకోండి బాబాయ్‌గారూ. ఒక్కరే ఉంటే సరిగా తాగరు మీరు."

మేడమ్ పాత లాప్‌టాప్ నాకు వదిలింది. సినిమాలన్నీ అందులో ఉన్నాయి.

తెరవలేదు.

జూన్ 29

తెరిచాను. పడవ సినిమా. జలంధర్ కూడా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నోరు మూసుకుని చూశాడు. ఆ పిల్ల గంట కొట్టింది. నేను లేచాను.

"ఏడికే కాకా? ఇప్పుడే గదా అసలు కత!"

"నువ్వు చూడప్పా."

బయటికి వచ్చి బండిలో కూర్చున్నాను. ఏసీ వేసుకుని ఊరికే కూర్చున్నాను. కాసేపటికి జలంధర్ వచ్చి అద్దం మీద తట్టాడు. కళ్ళు తుడుచుకుని ఉన్నాడు.

"కాకా, ఏమైందో తెల్సా? గా పడవ మనిషి..."

"చెప్పొద్దు బ్బా!" అన్నాను. నిజంగానే చెవులు మూసుకున్నాను.

"అరే, అయిపోయిన సిన్మా కాకా. డెబ్బయి ఏండ్ల కింద అయిపోయింది."

"కాలేదు."

నా ముఖం చూసి చెప్పడం మానుకున్నాడు. "నీ అసోంటి మనిషిని సూడలే" అని గొణుక్కుంటూ గేటు వైపు పోయాడు. పోతూ పోతూ తిరిగి, "రేపు గూడ పెడతవా?" అని అడిగాడు.

జూలై 6

పెట్టాను. అక్కడే లేచాను. జలంధర్ కూడా నాతోపాటే లేచి బయటికి వచ్చాడు. చూసేసినవాడికి ఎందుకో. బండిలో వెనక సీట్లో ఎక్కాడు. ఎడమ పక్క ఎక్కబోతే కుడి పక్క కూర్చోమన్నాను. ఎందుకని అడగలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఒక చుట్టు తిప్పి తెచ్చాను.

అదీ బాగానే ఉంది. కానీ కాదనేవాడు లేడు.

జూలై 11

మేడమ్ ఫోన్ చేసింది.

పెద్దాయన బాగున్నాడట. శనివారం చెల్లెలు సినిమా పెడితే, మధ్యలో లేచి ఎదురుగా బస్టాపులో కూర్చుంటాడట. బస్సు నడిపేవాడు తెలిసినవాడే. తర్వాతి స్టాపు దాకా ఎక్కించుకుని తిరిగి దించుతాడట. ఆయన వెనక నుంచి ఆ బస్సు డ్రైవరును ఏదో అడుగుతాడట. అతను జవాబు చెబుతాడు. పెద్దాయన వింటాడు. "నువ్వు ఆ కుస్కి కాదు" అంటాడట.

"ఒక ఉత్తరం రాయి తిరుపాలూ" అంది మేడమ్. "నీ భాషలోనే రాయి. కాగితం చేతిలో పట్టుకోవడం నాన్నకు ఇష్టం."

ఫోన్ పెట్టేశాక ఈ డైరీలోనే కాగితం చింపడానికి చూశాను. చింపే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. రేపు మంచి కాగితం మీద ఎత్తి రాస్తాను.

ఉర్హో గారికి తిరుపాలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. మేడమ్ గారిని అడిగానని చెప్పండి.

మీరు పోయాక పడవ సినిమా మళ్ళీ చూశాను. ముగింపు చూడలేదు. మన వాచ్‌మన్ చూసి చెప్పబోతే చెవులు మూసుకున్నాను. మీరు "ఎయి" అన్నది చాలా రోజులు ఆలోచించాను. మీరు తాడు చూపించారు గదా. పడవ తాడు తెగి కొట్టుకుపోయిందంటారా? అట్లయితే అతను గంట విని ఒడ్డు దాకా వచ్చి, నీళ్ళ ముందు నిలబడిపోయి ఉండాలి. అది కూడా ఉండొచ్చు. కానీ వంతెన ఉంది గదా సార్. నడిచైనా రావచ్చు. ఎన్నడూ వంతెన తొక్కని మనిషి ఆ రోజు తొక్కుతాడేమో. నా మాట అది. వస్తాడు.

ఆ పిల్ల మాత్రం వానలో నిలబడి గంట మీద చెయ్యి వేసి ఉంది. ఎంతసేపని నిలబెడతాము. మీ ముగింపు ఏమిటో రాయండి. మీ భాషలోనే రాయండి. నేను చదవలేను. అయినా రాయండి. వెనక సీటులో ఎడమ పక్క ఖాళీగానే ఉంచుతున్నాను.

తొందరగా జవాబు రాయగలరు.